పేరు పలకని చిలుక

అనగనగా కీరవాడ అని ఒక పట్నం. అక్కడ మనుషులకంటే చిలుకలు ఎక్కువ. చిలుకల మాట నమ్మే మనుషులు మరీ ఎక్కువ.

మనకు కాముని పున్నమి ఉన్నట్టే వాళ్ళకు చిలుకల పున్నమి అని ఒక పండుగ ఉండేది. మోదుగలు ఎర్రగా విరగబూసి, మామిడి పూత ఇంకా రాలకముందే వచ్చేది ఆ పండుగ. పొద్దున్నే అందరూ పసుపుపచ్చని బట్టలు కట్టి, చెవి వెనక పూత రెమ్మ పెట్టుకునేవారు. మంటపంలో చెరకుగడను విల్లుగా వంచి నిలిపేవారు. సాయంత్రం గడ్డితో చేసిన కాముణ్ణి తగలబెట్టి, రంగునీళ్ళు చల్లుకునేవారు. ఆ పొద్దుకూ ఆ మంటకూ మధ్యలో పట్నంలోని పడుచువాళ్ళ బతుకులు తేలిపోయేవి.

ఎలాగంటారా? దానికొక కథ ఉంది. శివుడి మూడో కంటి మంటకు మన్మథుడు బూడిదయ్యాడు గదా. విల్లు కాలింది, అమ్ములు కాలాయి. ఆయన ఎక్కి తిరిగే చిలుక మాత్రం ఎగిరి తప్పించుకుందట. రతీదేవి బూడిద ముందు కూర్చుని ఏడుస్తుంటే, అది వచ్చి ఆమె భుజం మీద వాలి, మన్మథుడి పేరు మూడుసార్లు పలికిందట. పేరు మిగిలింది కాబట్టి ప్రేమ కూడా మిగిలే ఉందని ఆ తల్లి కన్నీళ్ళు తుడుచుకుందట. అందుకని కీరవాడలో పెళ్ళీడు వచ్చిన ప్రతి పిల్లా ఒక చిలుకను పెంచాలి. పండుగనాడు పంజరంతో మంటపానికి రావాలి. పండుగ జరిపించే మంటపం పెద్ద ఆ చిలుకను మూడుసార్లు అడుగుతాడు. పిల్ల మనసులో ఎవరున్నారో చిలుక చెబుతుంది. ఆ పేరుగల కుర్రవాడు తన చేతిలోని మామిడి రెమ్మ తెచ్చి పంజరానికి కడతాడు. వైశాఖం రాగానే పెళ్ళి.

ఇందులో చిక్కొకటుంది. ఆ పట్నంలో ఆడవాళ్ళు మనసైనవాడి పేరు నోటితో అనరు. అంటే వాడి ఆయుష్షు తరుగుతుందని భయం. మరి అనని పేరు చిలుకకు ఎలా వస్తుందని మీరు అడుగుతారు. కీరవాడలో ఎవరూ అడిగేవారు కాదు. చలికాలం మొదలవగానే పంజరాలన్నీ గుడ్డ కప్పుకుని, గుట్టుచప్పుడు కాకుండా చిలుకల పోతడి ఇంటికి చేరేవి. పోతడు వాటిని చీకటి కొట్లో పెట్టి, నానిన శెనగలు తినిపిస్తూ, ఇంటివాళ్ళు అడిగిన పేరు నేర్పి పంపేవాడు. ఈ సంగతి పెద్దలకు తెలుసు, పడుచువాళ్ళకు తెలుసు. మంటపం పెద్దకు మరీ బాగా తెలుసు, ఆయన కూతురి చిలుక చదువుకున్నదీ ఆ కొట్లోనే. అయినా పండుగనాడు చిలుక నోట పేరు రాగానే, సాక్షాత్తు దేవుడే పలికాడని అందరూ లెంపలు వేసుకునేవారు.

ఆ పట్నంలో రేచన అనే యువకుడు ఉండేవాడు. సముద్రపు ఒడ్డు నుంచి ఎద్దుల మీద ఉప్పు వేసుకొచ్చి అంగడిలో పోసేవాడు. మంచివాడు, కష్టజీవి, చూడచక్కనివాడు. ఒకటే లోపం. పదిమంది తనను చూస్తున్నారంటే వాడికి ప్రాణం లేచొచ్చేది. ఊరింకా కనబడకముందే ఎద్దుల మెడల్లో గంటలు బిగించి, కొమ్ములకు రంగు గుడ్డలు చుట్టి, తలపాగా సర్దుకుని, అప్పుడు పట్నంలో అడుగుపెట్టేవాడు.

పట్నం వాకిలి పక్కనే మోదుగాకులతో విస్తర్లు కుట్టే కుందమ ఇల్లు. ఆమెకు మైలమ్మ అనే అవ్వ తప్ప ఎవరూ లేరు. ఒక వేసవిలో రేచన మంచినీళ్ళకని ఆ గుమ్మంలో ఆగాడు. కుందమ చెంబు అందిస్తూ వాడి ముఖం చూసి, "తిన్నావా?" అని అడిగింది. తినలేదు. అప్పుడే కుట్టిన విస్తరి వేసి, జొన్నన్నం, చింతచిగురు పప్పు పెట్టింది. ఆ తరవాత రేచనకు ఎప్పుడూ ఆ గుమ్మం దగ్గరే దాహం వేసేది.

అలా రెండేళ్ళు గడిచాయి. వచ్చిన ప్రతిసారీ ఆమె ముందడిగేది ఆ మాటే. వెళ్తానని లేస్తే, "ఎండ చల్లబడ్డాక వెళ్ళు" అనేది. అంతకుమించి మాట్లాడే మనిషి కాదు. వాడి పేరు ఏనాడూ అనలేదు. పిలవాలంటే "ఇదిగో" అనేది. ఆ "ఇదిగో" విని రేచన మురిసిపోయేవాడు. పేరు అనడం లేదంటే మనసులో ఉన్నట్టే గదా అని దారిలో ఎద్దులకు చెప్పుకునేవాడు. అప్పట్లో వాడికి బాగానే అర్థమయ్యేది.

ఒకసారి గాలివానకు తాటి తొర్రలోంచి చిలుక పిల్ల ఒకటి దారిలో పడింది. ఇంకా ఈకలు రాలేదు. రేచన దాన్ని తలపాగాలో చుట్టి తెచ్చి కుందమ ఒళ్ళో పెట్టాడు.

"పెంచు. పెద్దయ్యాక పండుగనాడు దీనిచేత నా పేరు చెప్పించు" అన్నాడు.

"చెబితే చెబుతుంది" అని కుందమ నవ్వింది. జొన్నపిండి ఉండలు చేసి, దాని నోట్లో పెట్టి బతికించింది.

చిలుక పెరిగింది. చలికాలం వచ్చింది. పంజరాలు పోతడి ఇంటికి నడవడం మొదలైంది. కుందమ పంజరం మాత్రం చూరుకే వేలాడుతూ ఉంది. అది చూసి రేచనకు కంగారు పుట్టింది.

"అందరూ పంపుతున్నారు. మనదీ పంపు. పోతడికిచ్చే జొన్నలు నేనిస్తాను" అన్నాడు.

"దేవుడి పండుగకు నేర్పిన మాటలెందుకు? మనింట్లో విన్నదేదో అదే చెప్పనీ" అంది కుందమ.

"నువ్వు నా పేరు అననే అనవు. అది ఏం విని చెబుతుంది?"

కుందమ ఆకులో ఈనెపుల్ల గుచ్చుతూ కూర్చుంది. మైలమ్మ అవ్వ మూలనుంచి అందుకుంది.

"ఒరే అబ్బాయీ, రతీదేవి మాత్రం మొగుడి పేరు ఏనాడైనా అందా? అనని పేరు ఆ చిలుకకు ఎవరు నేర్పారు? మా అమ్మమ్మ చెప్పిన కథ వేరు. ఆ చిలుక పేరూ పలకలేదు, గీరూ పలకలేదు. 'వచ్చావా' అందట. రతీదేవి రోజూ గుమ్మంలో అనే మాట అది. ఆ మాట విని తల్లి ఏడుపు ఆపింది. పేరుదేముందిరా, అంగట్లో ఎవరైనా పిలుస్తారు."

రేచన నవ్వి ఊరుకున్నాడు. ముసలమ్మ మాట చెవిన వేసుకోలేదు. వాడి ధ్యాసంతా పండుగ మీదే ఉంది. చిలుక తన పేరు పలుకుతుంది, మంటపమంతా తనవైపు తిరుగుతుంది, తను తలపాగా సర్దుకుని, మెల్లగా నడిచి వెళ్ళి రెమ్మ కడతాడు. ఎలా నడవాలో కూడా అనుకుని పెట్టుకున్నాడు.

పండుగ రానే వచ్చింది. మంటపం కిటకిటలాడింది. పంజరాలన్నీ వరసగా పెట్టారు. మంటపం పెద్ద ప్రోలయ్య, పట్టు కండువా వేసుకుని, ఒక్కో పంజరం ముందు నిలబడి అడుగుతున్నాడు. చిలుకలు గడగడా పేర్లు చెబుతున్నాయి. జనం లెంపలు వేసుకుంటున్నారు. కుర్రవాళ్ళు రెమ్మలు కడుతున్నారు.

కుందమ వంతు వచ్చింది. రేచన రెమ్మ పట్టుకుని ముందుకు జరిగాడు.

"చిలుకా చిలుకా, ఈ పిల్ల మనసులో ఎవరు?" అని ప్రోలయ్య మొదటిసారి అడిగాడు.

చిలుక మెడ వంచి, "తిన్నావా?" అంది.

జనం గొల్లుమన్నారు. "పెద్దాయన పొద్దున్న పలారం చేసే వచ్చాడులేవే" అన్నాడు వెనకనుంచి ఒకడు.

ప్రోలయ్య నవ్వు ఆపుకుని రెండోసారి అడిగాడు.

"ఎండ చల్లబడ్డాక వెళ్ళు" అంది చిలుక.

మళ్ళీ నవ్వులు. రేచన చెవులు ఎర్రబడ్డాయి. ఆ మాటలు వాడివే. వాడికి మాత్రమే చెప్పిన మాటలు. కాని చుట్టూ అంతమంది నవ్వుతుంటే అవి వాడికి తన మాటల్లా వినబడలేదు. ఏదో వంటింట్లోంచి ఎగిరొచ్చిన మాటల్లా వినబడ్డాయి.

మూడోసారి అడిగాడు ప్రోలయ్య. చిలుక గొంతు తగ్గించింది. ఈసారి ఎంత మెల్లగా అందంటే, ముందు వరసలోవాళ్ళకే వినబడింది.

"ఇంకా రాలేదేం?"

ఈ మాట రేచన ఎన్నడూ వినలేదు. ఆ మాట వెనక వరసలకు పాకేసరికి జనమైతే పొట్ట చెక్కలయ్యేలా నవ్వారు. "ఎవరే రానిది? పెళ్ళికొడుకు రెమ్మ పట్టుకుని ఇక్కడే నిలబడ్డాడు" అన్నారు. "వీడు కాదేమో, వేరే ఎవరికోసమో చూస్తోందేమో" అని ఇంకొకరు అందించారు. ఆ మాట రేచనకు గుచ్చుకుంది.

కుందమ తల ఎత్తి వాడివైపు చూసింది. ముఖాన సిగ్గు లేదు, బెదురు లేదు. నీకు తెలుసుగా అన్నట్టు చూసింది, అంతే.

ఇక్కడొక సంగతి చెప్పాలి. చిలుక పేరు చెప్పకపోతే కుర్రవాడు రెమ్మ కట్టకూడదని ఆ పట్నంలో ఏ కట్టుబాటూ లేదు. మూడడుగులు వేసి, ఆ పంజరానికి రెమ్మ కట్టి ఉంటే అడ్డుకునే నాథుడు లేడు. నవ్వుతారు. ఆ పూట నవ్వి, మరునాటికి మరిచిపోతారు. రేచన ఆ మూడడుగులూ వేయలేదు. రెమ్మ పట్టుకుని, తల దించుకుని, ఉన్నచోటే ఉండిపోయాడు.

ప్రోలయ్య పక్క పంజరం దగ్గరికి జరిగాడు. అది ఉప్పు అంగడి పెద్ద ఎర్రన సెట్టి కూతురు బయ్యమది. వెండి పూత పూసిన పంజరం. గంటల ఎద్దులు తోలుకుంటూ వెళ్ళే అందగాణ్ణి మేడమీంచి చూసి ముచ్చటపడిన పిల్ల ఆమె. ప్రోలయ్య ఇంకా అడగనే లేదు.

"రేచన!" అంది చిలుక. రెండోసారీ, మూడోసారీ గంట కొట్టినట్టు ఆ పేరే పలికింది.

మంటపం దద్దరిల్లింది. జనమంతా రేచనవైపు తిరిగారు. ఏడాదిగా వాడు కలగన్న తిరగడం అదే. సిగ్గుతో చచ్చిపోతున్నవాడికి మళ్ళీ ప్రాణం లేచొచ్చింది. తలపాగా సర్దుకున్నాడు. అనుకుని పెట్టుకున్న నడక నడిచాడు. కుందమ ముందునుంచే నడిచి వెళ్ళి, వెండి పంజరానికి రెమ్మ కట్టాడు.

పేరు చెప్పని చిలుకను అక్కడికక్కడే వదిలేయడం ఆచారం. కుందమ పంజరం తలుపు తీసింది. చిలుక చెరకు విల్లు చుట్టూ ఒక తిరుగు తిరిగి, మళ్ళీ వచ్చి ఆమె భుజం మీదే వాలింది.

"పద తల్లీ, ఎండెక్కుతోంది" అంది మైలమ్మ. ఇద్దరూ జనంలోంచి దారి చేసుకుని వెళ్ళిపోయారు. రేచన వాళ్ళ వీపులు చూశాడు. అంతలో ఎవరో భుజం తట్టి మెచ్చుకుంటే అటు తిరిగాడు.

వైశాఖంలో పెళ్ళి జరిగింది. రేచన సెట్టిగారి అల్లుడయ్యాడు. వెండి పంజరం వసారాలో వేలాడదీశాడు. ఇంటికి ఎవరొచ్చినా పంజరం దగ్గరికి తీసుకెళ్ళి, "పలుకమ్మా" అనేవాడు. చిలుక "రేచన" అనేది. వచ్చినవాళ్ళు ఆహా అనేవారు. బయ్యమ లోపలినుంచి వినేది. మొదట్లో నవ్వేది. తరవాత తరవాత ఆ పిలుపు వినబడితే తలుపు మూసుకునేది. వాడు ఊరినుంచి వస్తే ముందు చిలుకనే పలకరించేవాడు. భార్య ఎలా ఉందో అడగాలని వాడికి తోచలేదు. మేడమీంచి చూసిన అందగాడు వసారాలో తన పేరు తానే విని మురిసిపోయే మనిషని బయ్యమకూ మెల్లగా తెలిసింది. ఇద్దరి మధ్యా ఒక పేరు తప్ప ఏమీ లేదు. పేరుతో ఎంతకాలమని కాపురం చేస్తారు?

కొన్నేళ్ళకు ఆ ఇంట్లో మాటలు ముదిరాయి. వసారాలో పంజరం ఉందన్న సంగతే ఇద్దరూ మరిచిపోయారు.

ఒక చిలుకల పున్నమినాడు ప్రోలయ్య, ఇంకా పదిమంది పెద్దలు రేచన ఇంటికి విందుకు వచ్చారు. భోజనాలయ్యాక తాంబూలం నములుతూ, "ఏదీ, మన దేవుడి పలుకు మళ్ళీ ఒకసారి వింటాం" అన్నాడు ప్రోలయ్య. రేచన సంతోషంగా లేచాడు. పంజరం మీది దుమ్ము తుడిచి, మంటపంలో అడిగినట్టే అడిగాడు.

"చిలుకా చిలుకా, నీ యజమానురాలి మనసులో ఎవరు?"

చిలుక రెక్కలు విదుల్చుకుని, అచ్చం బయ్యమ గొంతుతో, "ఈసారి ఏం తెచ్చావు?" అంది.

పెద్దలు ముసిముసిగా నవ్వారు. రేచన కూడా నవ్వబోయి, మళ్ళీ అడిగాడు.

"నీకు నేనెందుకు?" అంది చిలుక. అదీ బయ్యమ గొంతే. ఈసారి ఎవరూ నవ్వలేదు.

రేచన పంజరాన్ని చిన్నగా కుదిపి, "పేరు చెప్పు" అన్నాడు.

"నోర్ముయ్!" అంది చిలుక.

ఆ గొంతు బయ్యమది కాదు. రేచనది. ఆ విసురు, ఆ చిరాకు, చివర్లో పళ్ళు బిగించడం, అన్నీ వాడివే. పెద్దలు కండువాలు దులుపుకుని లేచారు. లోపల బయ్యమ గుమ్మం పట్టుకుని నిలబడి ఉంది. కళ్ళనిండా నీళ్ళు.

అందరూ వెళ్ళిపోయాక రేచన పంజరం ముందు కూలబడ్డాడు. పోతడు నేర్పిన పేరు దానికి గుర్తే లేదు. ఇంట్లో ఎక్కువగా ఏం వినబడిందో అదే పలికింది. నేర్పినవాళ్ళు మానేస్తే చిలుకలన్నీ చేసేది అంతే గదా అనుకున్నాడు. అనుకున్న మరుక్షణం వాడికి కుందమ చూరుకు వేలాడిన పంజరం గుర్తొచ్చింది.

కుందమ చిలుకకు ఎవరూ ఏమీ నేర్పలేదు. ఆ ఇంట్లో అది ఎక్కువగా విన్నది "తిన్నావా" అన్న మాట. అది తను వచ్చినప్పటిది. "ఎండ చల్లబడ్డాక వెళ్ళు" అన్నది తను వెళ్ళేటప్పటిది. మరి మూడోది? తను ఎన్నడూ వినని ఆ మూడో మాట? తను లేని రోజుల్లో అన్నది గనకే తను వినలేదు. ఉప్పుకోసం వెళ్ళిన ప్రతిసారీ, వాకిట్లో ఆకులు కుట్టుకుంటూ, దారికేసి చూస్తూ, తనలో తాను అన్న మాట అది. ఎన్నిసార్లు అంటే చిలుకకు వచ్చి ఉండాలి!

దాన్ని విని పట్నమంతా నవ్వింది. పట్నానికి తెలియదు, నవ్వింది. తనకేమయింది?

మరునాడే రేచన పట్నం వాకిలి దగ్గరికి పోయాడు. ఆ ఇంట్లో ఎవరో కుమ్మరులు ఉంటున్నారు. మైలమ్మ ఎప్పుడో పోయిందన్నారు. కుందమ ఏటి రేవులో పడవ నడిపే అతన్ని పెళ్ళాడి అక్కడే ఉంటోందన్నారు. రేచన ఎద్దులు లేకుండా, గంటలు లేకుండా, తలపాగా కూడా లేకుండా బయల్దేరాడు. ఎందుకు వెళ్తున్నాడో వాడికే సరిగ్గా తెలియదు. ఆమె చేత ఒక్కసారి "తిన్నావా" అనిపించుకుంటే చాలనుకున్నాడు. అంతకంటే అడిగే ముఖం లేదు.

మిట్టమధ్యాహ్నం రేవు చేరాడు. గట్టుమీద చిన్న తాటాకు ఇల్లు. చూరు కింద చిలుక కూర్చుని ఉంది. పంజరం లేదు.

రేచనను చూసి అది మెడ వంచింది.

"తిన్నావా?" అంది.

అన్నేళ్ళుగా వాడినెవరూ ఆ మాట అడగలేదు. అక్కడే గట్టుమీద కూర్చుని చిన్నపిల్లవాడిలా ఏడ్చాడు. చిలుక వాడినే చూస్తూ, గొంతు తగ్గించి, "ఇంకా రాలేదేం?" అంది.

ఇంట్లోంచి కుందమ వచ్చింది. చేతిలో అన్నం గిన్నె పట్టుకుని ఉంది. రేచనను గుర్తుపట్టింది. చిలుకవైపు తిరిగింది.

"ఊరుకోవే. రావలసినవాళ్ళంతా వచ్చేశారు" అంది.

లోపల పిల్లలు ఆడుకుంటున్న చప్పుడు వినబడింది. ఏట్లోంచి పడవ గట్టుకు తగిలింది. ఎండకు నల్లబడిన మనిషొకడు తెడ్డు భుజాన వేసుకుని మెట్లెక్కి వచ్చాడు. చిలుక ఎగిరి వాడి తెడ్డుమీద వాలి, "తిన్నావా?" అంది. వాడు దాని తల నిమిరి, రేచనకు దణ్ణం పెట్టి, కాళ్ళు కడుక్కోవడానికి పెరట్లోకి వెళ్ళాడు.

"ఆ మాటలు నావి" అన్నాడు రేచన.

"ఒకప్పుడు మీవే" అంది కుందమ. "పుచ్చుకోలేదు మీరు. ఊరికే పోనివ్వలేక ఇంటికి తెచ్చుకున్నాను."

కోపంగా అనలేదు. కోపంగా అన్నా బాగుండేదని రేచనకు అనిపించింది. ఆమె లోపలికి వెళ్ళి, విస్తరి తెచ్చి వాడి ముందు వేసింది. అన్నం పెట్టింది, పప్పు పోసింది. రేవు దాటే ఏ బాటసారికైనా ఆ ఇంట్లో అలాగే పెడతారు.

తింటూ తింటూ, ఏం మాట్లాడాలో తెలియక, "మీ ఇంటాయన పేరేమిటి?" అని అడిగాడు.

కుందమ తల దించుకుంది. చిన్నగా నవ్వింది. పేరు చెప్పలేదు.

ఆ నవ్వు రేచన ఎరిగినదే. ఒకప్పుడు తన పేరు అడిగినవాళ్ళ ముందు ఆమె అలాగే నవ్వి ఉంటుంది. విస్తరి మడిచి లేచాడు. ఎండ మండిపోతోంది. గట్టు దిగేదాకా వెనక్కి తిరగకుండా నడిచాడు, ఎవరైనా ఆపుతారేమోనని చెవులు వెనక్కే పెట్టుకుని. ఎండ చల్లబడ్డాక వెళ్ళమని ఆమె అనలేదు. చిలుకా అనలేదు.

దీపాలవేళకు ఇల్లు చేరాడు. బయ్యమ వసారాలో ఒక్కతే కూర్చుని ఉంది. రేచన గుమ్మంలో నిలబడి, "తిన్నావా?" అన్నాడు.

బయ్యమ వాడి ముఖంలోకి చూసింది. పెళ్ళయిన ఇన్నేళ్ళలో వాడు ఆ మాట అడగడం అదే మొదలు.

"ఇది మనింటి మాట కాదు" అంది. "ఎక్కడినుంచి తెచ్చావు? ఎవరి మాట ఇది? ఆమె పేరేమిటి?"

రేచన పెదవులు కదిలాయి. పేరు మాత్రం బయటికి రాలేదు. బతుకంతా పేరు కోసం పాకులాడినవాడు మొదటిసారి ఒక పేరు మనసులోనే దాచుకున్నాడు. అది తెలుసుకోవడానికి బయ్యమకు చిలుక సాయం అక్కర్లేకపోయింది. మెల్లగా లేచి, లోపలికి వెళ్ళి తలుపు వేసుకుంది.

వసారాలో వాడూ చిలుకా మిగిలారు. రేచన పంజరం దగ్గరికి జరిగి, "తిన్నావా అను. ఒక్కసారి అను" అని బతిమాలాడు.

చిలుక మెడ అటు వంచి, ఇటు వంచి, వాడి మాట విన్నది. తరవాత తనకు వచ్చినదే, వాడి గొంతుతోనే, వాడికి అప్పజెప్పింది.

"నోర్ముయ్!"

కాబట్టి పిల్లలూ, తన మీది ప్రేమను పదిమంది ముందు చాటించుకోవాలని చూసేవాడు, గుమ్మంలో తనకోసం మెల్లగా అన్న మాటను పోగొట్టుకుంటాడు. దాని విలువ తెలిసి వెనక్కి తిరిగేసరికి అది వేరొకరి ఇంటి మాట అయిపోయి ఉంటుంది.